మూత తెరిచిన వేళలు

క్యాంపింగ్ సామాన్లు అమ్మే దుకాణం. బల్ల మీద మూడు కొత్త ఫ్రిజ్‌లు. వాటి పక్కన, మూలలు సొట్టలు పడిన పాతదొకటి. ఇటు బావా, బావమరిదీ. అటు దుకాణదారు.

"ముప్పై అయిదు లీటర్లు చాలు సార్. యాభై తీసుకుంటే మీ జీపులో వెనక సీటు పీకి పక్కన పెట్టాలి."

"లీటర్ల గొడవ నాకొద్దు బాబూ. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, సంగతి చెప్పేస్తాను. నాకు షుగరు. రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకోవాలి. ఎండలో, రాళ్లదారిలో మూడు రోజులు తిరిగినా ఆ మందు చల్లగా ఉండాలి."

"అయితే ఈ మొదటిది ముట్టుకోకండి. బయటి వేడి కంటే ఇరవై డిగ్రీలు తగ్గిస్తుంది, అంతే దీని చేతనైంది. నలభై అయిదు ఎండలో లోపల ఇరవై అయిదు. పొద్దున పాలు పెడితే మధ్యాహ్నానికి పెరుగు తియ్యొచ్చు. మీకు కంప్రెసర్ ఉన్నదే కావాలి. ఈ రెండూ అవే."

"ఆ మధ్యది బాగుంది బావా. అదే కట్టించేద్దాం. అక్క భోజనానికి తొందరగా రమ్మంది."

"ఉండరా. నీకెప్పుడూ నిప్పు తొక్కిన కోతి తొందర. ఇదిగో బాబూ, వీడు మా ఆవిడ తమ్ముడు. వీడి మాట పట్టించుకోకు. నాక్కావలసింది ఇంకోటుంది. నవ్వకూడదు మరి."

"నవ్వను సార్."

"మూత ఎప్పుడెప్పుడు తీశానో గుర్తుంచుకునే ఫ్రిజ్ ఉందా?"

"ఉంది. ఎందుకు సార్?"

"నాకు గుర్తుండదు కనుక. పద్నాలుగు నెలల కిందట నేనూ వీడూ కొండల్లోకి వెళ్లాం. మూడో రోజు మధ్యాహ్నం స్టీరింగు పట్టుకునే ఒరిగిపోయాను. ఆ రాళ్లలో నాలుగు గంటలు బండి నడిపి నన్ను ఆసుపత్రికి చేర్చింది వీడే. వీడు లేకపోతే ఇవాళ నీతో బేరమాడేవాణ్ణి కాదు."

"ఇప్పుడు అవన్నీ ఎందుకు బావా."

"ఎందుకేమిటిరా, ప్రాణం పోసినవాడివి. డాక్టరేమన్నాడు? మందు పడకపోతేనే షుగరు అంతలా పెరుగుతుందన్నాడు. నేనేమో వేసుకున్నాననే చెప్పాను. అంటే వరసగా మూడు పూటలు మరిచిపోయి, మూడు పూటలూ వేసుకున్నాననుకున్నానన్నమాట. మనిషికి అంతకంటే భయమేముంటుంది బాబూ?"

"మరి అప్పట్నుంచీ?"

"అప్పట్నుంచీ జీపు తాళాలు వీడి దగ్గరే. పొద్దునా సాయంత్రం సూది వేసుకుని, ఒక అరగంట పోయాక మా ఆవిణ్ణి అడుగుతాను, వేసుకున్నానా అని. వేసుకున్నారు అని ఆవిడంటేనే నమ్మకం. నలభై ఏళ్లు భూములు కొలిచినవాణ్ణి. జానెడు తేడా వస్తే మళ్లీ మొదటి రాయి నుంచి గొలుసు లాగించేవాణ్ణి. ఇప్పుడు నా చెయ్యి ఏం చేసిందో నాకే తెలీదు. అందుకని ఈ ఫ్రిజ్ మూడు నెలలు ఇంట్లో పెట్టుకుంటాను. అది చెప్పిన వేళలూ నేను చెప్పిన వేళలూ కలిశాయనుకో, వీడు తాళాలు తిరిగి ఇచ్చెయ్యాలి. ఒప్పందం. ఏరా?"

"సరే బావా. అన్నాను కదా."

"సార్, మార్పిడికి తెచ్చారే, ఈ పాతది. ఇది కూడా గుర్తుంచుకుంటుందండీ."

"ఏదీ, ఇదా?"

"ఇదే. ఫోన్‌తో కలుపుకుని చూసుకోవాలి. కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదా?"

"కొన్నది వీడు. నాకేం చెప్పలేదే."

"అది పాడైపోయిందండీ. అందుకే మోసుకురావద్దంటే బావ వినలేదు."

"పాడైందని ఎవరన్నారు? ఇదిగో, ప్లగ్గు పెట్టగానే గుర్రుమంటోంది."

"పాడవడమంటే... చల్లదనం సరిగ్గా..."

"చూద్దాం. నా ఫోన్ కలుపుతాను."

"వద్దండీ. పాతదాంతో ఏం పని? కొత్తది చూపించండి మీరు."

"నీకేమిటిరా అంత కంగారు? చూడనీ."

"కలిసింది. చివరిసారి వాడింది పద్నాలుగు నెలల కిందట. శుక్రవారం నుంచి ఆదివారం దాకా."

"అదే. ఆ మూడు రోజులే. ఆగు బాబూ... ఒక్క నిమిషం ఆగు. మూత తియ్యనేలేదని ఉంటే నాకు చెప్పకు."

"శుక్రవారం రాత్రి ఏడున్నర. శనివారం పొద్దున ఏడూ పది. శనివారం రాత్రి ఏడూ నలభై. ఆదివారం పొద్దున ఏడు. నాలుగుసార్లు తీశారు."

"మళ్లీ చదువు."

"శుక్రవారం రాత్రి ఏడున్నర, శనివారం పొద్దున..."

"చాలు. పూట తప్పలేదా?"

"లేదు సార్. అందులో తిండీ గిండీ ఏమైనా పెట్టారా?"

"మందు సీసాలే. మంచినీళ్ల సీసా కూడా పెట్టనివ్వదు మా ఆవిడ. ఒరేయ్, విన్నావా? నేను మరిచిపోలేదురా. తీశాను, వేసుకున్నాను. నాకు గుర్తున్నదంతా నిజమేరా."

"విన్నాను బావా."

"వింటే ఆ మొహమేమిటి? సంతోషించవేం?"

"సంతోషమే బావా. పదండి, ఇంటికెళ్లి..."

"సార్, నాకు తెలీక అడుగుతాను. ఇన్సులిన్ గడ్డకట్టొచ్చా?"

"కూడదు. ఒకసారి కడితే, కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది కానీ అందులో ఇంక సత్తువ ఉండదు. మొన్నామధ్య డాక్టరు చెబితే తెలిసింది. ఎందుకు? నేను నాలుగు మీద పెట్టి వదిలేశానే."

"నాలుగే ఉంది, శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర దాకా. అక్కణ్ణుంచి మైనస్ పద్ధెనిమిది. పన్నెండింటికి మళ్లీ నాలుగు."

"దానంతటదే మారిందా?"

"మారదు సార్. మారిస్తేనే. అదీ పెట్టె మీద మీట నొక్కి కాదు, ఫోన్‌లోంచి. పదిహేను ఇరవై అడుగుల లోపల ఉంటే తప్ప ఫోన్ దీనికి అందదు."

"తొమ్మిదికే పడుకున్నాను నేను. ఆ కొండ మీద ఉన్నది ఇద్దరం."

"ఐసు కోసం బావా."

"ఏమిటీ?"

"ఐసు కోసం మార్చాను. ఎండలు మండిపోతున్నాయి కదా, పొద్దున్నే నీళ్లలో వేసుకుందామని. తెలీక చేశాను. పొరపాటే."

"నీళ్లు దేంట్లో పోసి పెట్టావు?"

"ఏదో... చిన్న డబ్బాలో."

"బాబూ, శుక్రవారం ఏడున్నర తరవాత మళ్లీ మూత తీసింది ఎప్పుడన్నావు?"

"శనివారం పొద్దున సార్. ఏడూ పదికి."

"అది నేను. లోపల డబ్బా లేదు. మూత తియ్యకుండా డబ్బా ఎలా పెట్టావురా?"

"సార్, కూర్చోండి. కుర్చీ వేస్తాను."

"అక్కర్లేదు. నిలబడే వింటాను."

"బావా, ఇక్కడొద్దు. బయటివాళ్ల ముందు..."

"ఇక్కడే. సరిహద్దు రాయి ఎవరు జరిపారో తేలేదాకా పొలం దాటి వచ్చే అలవాటు నాకు లేదు. జీపు కావలసొచ్చిందా? అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా."

"జీపు కోసం కాదు బావా. ఒట్టు. కాస్త నలత చేస్తే వెనక్కి తిరుగుతారు, ఇంక ఆ కొండల జోలికి పోరు అని. అంతే. అంత దాకా వస్తుందని అనుకోలేదు. ఆ నాలుగు గంటలూ మీరు బతికితే చాలని నడిపాను."

"అనుకోలేదు. మరి ఆసుపత్రిలో కళ్లు తెరిచి, నేను మందు మరిచిపోయానట్రా అని అడిగితే ఏమన్నావు?"

"అవునన్నాను."

"నా చెయ్యి పట్టుకుని అన్నావు. పద్నాలుగు నెలలు నేను మతిలేనివాణ్ణని నన్ను నేనే వెలివేసుకుని, సూది వేసుకున్నానా లేదా అని రోజుకి రెండుసార్లు అడుక్కుంటుంటే, చూస్తూ ఊరుకున్నావు."

"చూడలేకే బావా, మీ ఇంటికి రావడం తగ్గించింది."

"దయగలవాడివి."

"ఏమన్నా పడతాను."

"అనను. ఒక్కటి చెప్పు. నువ్వు సూదిని చూస్తేనే మొహం తిప్పుకునేవాడివి. గడ్డకడితే మందు చచ్చిపోతుందని అప్పటికి నాకే తెలీదు. నీకెలా తెలిసింది?"

"ఎక్కడో చదివాను."

"ఎక్కడ?"

"వదిలెయ్యండి బావా. తప్పు నాది. నాదే అనుకోండి."

"అనుకోను. ఎవరు చెప్పారు?"

"అక్క."

"ఏ అక్క?"

"నాకున్నది ఒక్క అక్కే బావా."