నిలబడ్డ చుక్కలు

మరమ్మతు దుకాణంలో బల్లమీద రికార్డులు వేసే రెండు టర్న్‌టేబుళ్లు తిరుగుతున్నాయి. వాటిమీద ముప్ఫై ఏళ్లుగా డాన్సు హాల్లో పాటలు వేస్తున్న మేనమామ ఒక పక్క, వాటిని బాగుచేసే మేనకోడలు ఇంకో పక్క.

“మళ్లీ చూడు అమ్మడూ. ఎడమది వేగం జారుతోంది.”

“మూడుసార్లు చూశాను మావయ్యా.”

“నాలుగోసారి చూస్తే అరిగిపోతావా?”

“సరే, నువ్వే చూడు. పళ్లెం అంచున చుక్కలున్నాయిగా. ఎర్రలైటు కింద కదులుతున్నాయా, నిలబడ్డాయా?”

“నాకా చెబుతున్నావ్? ఆ చుక్కలు చదవడం నీకు నేర్పిందెవరు?”

“నువ్వే. వేగం తప్పితే పాకుతాయి, సరిగ్గా ఉంటే నిలబడతాయి అన్నావు. ఇప్పుడు చెప్పు.”

“...నిలబడ్డాయి.”

“కుడిదో?”

“అవీ నిలబడ్డాయి. అయితే ఏంటి? ఇక్కడ బుద్ధిగానే ఉంటుంది. హాల్లో జనాన్ని చూడగానే జారుతుంది.”

“మిషన్‌కి సభాకంపమా?”

“నవ్వకు. పోయిన శనివారం ఒక పాట మీదికి ఇంకో పాట ఎక్కింది. రెండు దరువులూ ఢీకొన్నాయి. ఆడేవాళ్లంతా ఆగి నావైపు చూశారు. ముప్ఫై ఏళ్లలో వాళ్లు నన్ను చూడటం అదే మొదలు.”

“తప్పు మిషన్‌ది కాదు మావయ్యా.”

“ఎందుకు కాదు? దానికి మాత్రం వయసు లేదా? ఎన్నిసార్లు కూల్‌డ్రింకు ఒలకబోశారు దానిమీద. ఒకసారి వ్యాన్‌లోంచి కింద పడింది.”

“పడిన సాయంత్రమే దానిమీద పాటలు వేశావు. ఇన్నేళ్లలో నేను మార్చింది ముళ్లూ, ఒక వైరూ. వాటి పక్కన పెట్టిన సీడీ ప్లేయర్లు మూడు పోయాయి. ఇదిగో, వేలితో ఆపాను. వదిలాను. రెప్పపాటులో వేగం అందుకుంది, చూశావా? ఇంత నమ్మకమైన మోటారు నా దుకాణంలో ఇంకోటి లేదు.”

“దాని పొగడ్తలు వినడానికి రాలేదు నేను.”

“ఒకప్పుడు నువ్వే పొగిడేవాడివి. అత్త కుళ్లుకునేది.”

“మీ అత్త సంగతి వదిలెయ్. ఎడమది—”

“ఎడమది అంటే ఏది మావయ్యా?”

“ఇదే.”

“ఇది అంతకుముందు కుడిది. నువ్వన్న ఆ శనివారానికి ముందు సోమవారం హాల్లో బిగించేటప్పుడు రెంటినీ అటూ ఇటూ మార్చాను. నీకు చెప్పలేదు.”

“ఎందుకలా చేశావ్?”

“చూద్దామని. మిషన్ పక్క మారింది. నువ్వన్న తప్పు మాత్రం ఎడమవైపే ఉండిపోయింది.”

“ఎడమ స్పీకరు కూడా ఈ మధ్య—”

“స్పీకరు విప్పి చూశాను.”

“అయితే వైరు.”

“మావయ్యా, ఇటు తిరుగు. తరవాతి పాట ముందుగా వినడానికి హెడ్‌ఫోను ఏ చెవికి పెడతావు?”

“ఎడమ చెవికి. మొదట్నుంచీ అంతేగా.”

“ఇప్పుడు కుడిచెవికి పెట్టుకో.”

“అలవాటు లేదు.”

“ఒక్కసారి.”

“అలవాటు లేదన్నానుగా.”

“ఎన్నాళ్లయింది?”

“ఏది ఎన్నాళ్లు?”

“మావయ్యా.”

“...నాలుగు నెలలు. ఆ చెవికి నీళ్లలో మునిగి విన్నట్టుంటుంది. దరువు వినబడుతుంది, ఎక్కడ పడిందో తెలీదు. డాక్టరు చూశాడు. ఆ వినికిడి ఇంక తిరిగి రాదన్నాడు. మీ అత్తకి చెప్పకు.”

“చెప్పను.”

“ఆదివారం హాలు మేనేజరు పిలిచి ఒక మాటన్నాడు. తప్పు మిషన్‌దైతే నీ దగ్గర్నుంచి కాగితం తెమ్మన్నాడు. కొత్త జత కొని నన్నే ఉంచుతాడట. తప్పు నాదైతే ఈ శనివారమే ఆఖరు.”

“కొత్తవి వస్తే మాత్రం నీకు వినబడుతుందా?”

“కుడిచెవితో నేర్చుకుంటాను. రెండు నెలలు పడుతుంది. కొత్త మిషన్లు చేతికి అలవాటు కావాలని చెప్పుకుంటే ఎవరూ అనుమానించరు. నాకా రెండు నెలలు కావాలి అమ్మడూ. ఇంకో పని రాదు నాకు.”

“ఊఁ.”

“ఊఁ అంటే? నీ చేత అబద్ధం రాయించడం నాకు మాత్రం ఇష్టమా? వీటిని తిట్టడానికి నాకే నోరు రావట్లేదు. రెండు ముక్కలు చాలు. మోటార్లు పోయాయి, బాగుచేయడం కుదరదు, అని. ఎందుకలా చూస్తావ్? పెన్ను లేదా?”

“ఉంది.”

“మరి రాయి.”

“నిన్ననే రాసిచ్చాను మావయ్యా.”

“ఎవరికి?”

“మేనేజరుకి. నాకూ ఫోన్ చేశాడు. నీ చెవి సంగతి నాకప్పటికే అర్థమైంది. నువ్వు నన్నడగలేవనుకున్నాను. నువ్వన్న ఆ రెండు ముక్కలే రాశాను.”

“రాసిచ్చేశావా? మరి ఇందాకట్నుంచీ నన్నెందుకు ఏడిపించావే?”

“చెప్పడానికి నోరు రాక.”

“పిచ్చిదానా, ఇందులో నోరు రాకపోవడానికేముంది? నా ప్రాణం నిలబెట్టావు. ఇంతకీ కొత్తవి ఎప్పుడు తెస్తానన్నాడు?”

“కూర్చో మావయ్యా.”

“ఎప్పుడన్నాడే?”

“కాగితం చదివి నిట్టూర్చాడు. కొత్త జత మాట వెనక్కి తీసుకున్నాడు. ఆ రెండూ చెక్కుచెదరకుండా తిరుగుతున్నాయనే ఇన్నాళ్లూ నిన్ను తీసెయ్యడానికి మనసొప్పలేదట. అవే పోయాక ఇంకేముంది అని, దరువు దానంతటదే కలుపుకునే కంప్యూటరు ఇవాళ పొద్దున్నే కొనేశాడు.”