మూడో కనుమ అవతల

మళ్ళీ వాయిదానా? ఇందాక ఫోన్లో మీ తమ్ముడితో అంటుంటే విన్నాను లెండి. "బండి బ్రేకులు ఓసారి చూపించాలిరా, వచ్చే ఏడాది వెళ్తాం." ఎంత తేలిగ్గా అనేశారండీ!

ఆగండి, నన్ను చెప్పనివ్వండి. పదకొండేళ్ళు! బడికి సెలవులివ్వగానే ఈ బల్ల మీద మ్యాపు పరుస్తారు. మూడు కనుమలు, ఆపైన సముద్రం. ఏ మలుపులో లోయ కనిపిస్తుందో, ఎక్కడ టీకి ఆగాలో అన్నిటికీ ఎర్ర పెన్సిలు గుర్తులే. భూగోళం మాస్టారు కదా, పిల్లలకి చెప్పినట్టే నాకూ చెప్తారు. తర్వాత? ఒక ఏడు వానలన్నారు. ఒక ఏడు టైర్లన్నారు. ఇంకో ఏడు నడుం పట్టేసిందన్నారు.

నవ్వకండి. ఒళ్ళు మండిపోతోంది నాకు.

ఈ నాలుగు రోజుల సెలవు కోసం కుట్టు షాపులో నూట ఇరవై యూనిఫాం చొక్కాలకి కాజాలు ముందే కుట్టిచ్చాను. ఇవిగో, చూడండి నా వేళ్ళు. "ఈసారైనా కదుల్తారా?" అని ఓనరమ్మ అడిగితే షాపంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను మరి!

ఏంటీ? మలుపుల్లో నాకు వాంతులవుతాయా? ఇప్పుడు నా మీదకి తోస్తున్నారా?

అవును, అయ్యాయి. రెండుసార్లు.

అలా చూస్తారేం? కూర్చోండి. పోయిన నెల అక్కకి ఒంట్లో బాలేదని వెళ్ళానా? అక్క దుక్కలా ఉంది. నేను తెల్లారకముందే బస్సెక్కాను. కనుమలన్నీ దాటి సముద్రం దాకా పోయే బస్సు.

మొదటి కనుమలోనే కిటికీలోంచి తల బయటపెట్టి కక్కాను. పక్క సీట్లో ఎవరో ఆసుపత్రి నర్సమ్మట, పాపం వీపు రాసింది. రెండోదాంట్లో పొగమంచు. డ్రైవరు హారన్ కొట్టుకుంటూ మనిషి నడిచినంత మెల్లగా పోనిచ్చాడు. ముందు సీటు కడ్డీ పట్టుకుని నేను వదిలితే ఒట్టు! మీరు విశ్రాంతి గృహం అని రాసుకున్న చోట గోడ కూడా లేదండీ. ఎప్పుడో కూలగొట్టారట. మూడోది దాటాక నర్సమ్మ వేలు చూపించింది. దూరంగా, నీలంగా, సన్నటి గీత. అదేనట!

మధ్యాహ్నానికి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాను. ఒక చెప్పు కొట్టుకుపోయింది. పోతే పోనీ అనుకున్నాను.

ఏడ్చాను కూడా. మీరు పక్కన లేరనా? కాదు. అలా ఏడుస్తాననే అనుకున్నాను నేనూ. ఒడ్డున రెండు గంటలున్నానండీ. మీరు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ప్రాణం అంత హాయిగా ఉంది. తిరుగు బస్సెక్కాక అది తట్టింది. అప్పుడు ఏడ్చాను.

ఈసారి ఎందుకింత పట్టుబట్టానో ఇప్పుడైనా తెలిసిందా? మీతో వెళ్ళి మళ్ళీ అక్కడే నిలబడితే, ఆ హాయి అబద్ధమని తేలుతుందేమోనని ఆశపడ్డాను.