అన్నీ లోపలే దాచిన పరంజ్యోతి గారు

1992వ సంవత్సరం జూన్ 15వ తేదీన నంద్యాలలోని మన కంప్యూటర్ కేంద్రంలో ప్రోగ్రామరుగా చేరిన శ్రీ పరంజ్యోతి గారు, పదిహేడేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. వారిని అభినందించే భాగ్యం నాకు దక్కినందుకు ఆనందమే. అయితే వారి లైబ్రరీ రేపటి నుంచి నా నెత్తిన పడుతోందని తలచుకుంటే ఆ ఆనందం కాస్త తగ్గుతోంది.

కుటుంబ సభ్యుల కోసం ఒక మాట. విత్తన సంఘాలకు మనం రాసిచ్చే ప్రోగ్రాములన్నిటికీ ఆధారమైన ఉమ్మడి కోడ్‌ను లైబ్రరీ అంటాం. విత్తనాల కోసం రైతుకిచ్చే చీటీ మీద పడే సంఘం ముద్ర, అధ్యక్షుల సంతకం, తెలుగు ఫాంటు విడి ఫైళ్లుగా పక్కన ఉండవచ్చు, లేదా లైబ్రరీలోనే ఇమిడి ఉండవచ్చు. పరంజ్యోతి గారిది ఆది నుంచీ రెండో పక్షం. తత్ఫలితంగా ఒక అధ్యక్షుడు మారితే, ఆ ఒక్క సంతకం కోసం లైబ్రరీ మొత్తాన్ని తిరిగి తయారుచేసి, ఫ్లాపీలలో నింపి, ఆళ్లగడ్డ బస్సెక్కవలసి వచ్చేది. ఎక్కింది నేను. సీటు దొరికిన రోజులు తక్కువ.

2002లో మా పోరు పడలేక అప్పటి మేనేజరు గారు ఆ ఫైళ్లను బయట పెట్టించారు. "బయట పెడితే ఎవురో ఒకరు తుడిచేస్తారు, నిర్మలమ్మా" అని పరంజ్యోతి గారు నాతో అన్నారు. ఎవరమూ వినలేదు.

ఆ ఏడు ఆయుధపూజకు ఆళ్లగడ్డ సంఘం ఆపరేటరు శ్రీనివాసులు కంప్యూటరును తుడిచి, బొట్టు పెట్టి, లోపల కూడా శుభ్రంగా ఉండాలని తెలుగు ఫాంటు సహా తనకు తెలియని ఫైళ్లన్నీ చెరిపేసి, నిమ్మకాయ కోసి దండం పెట్టుకున్నాడు. పండుగ మరునాడే శనగ విత్తనాల పంపిణీ. చీటీల మీద రైతుల పేర్లకు బదులు ఖాళీ గళ్లు పడ్డాయి. పేరు లేని చీటీకి గోదాములో బస్తా ఇవ్వరు. వాన పడి నల్లరేగడి మంచి పదును మీద ఉంది, అది ఆరిపోతే విత్తనం చేతికొచ్చినా వృథా. దొర్నిపాడు రైతు ఓబులేసు కిటికీ పట్టుకొని, "ఆడ నేల ఆరిపోతాండాదప్పా! మీ పూజ పాడుగాను, యాడ పోయినాయి మా పేర్లు?" అని కేకలు వేశాడు.

కబురందగానే పరంజ్యోతి గారు పాత లైబ్రరీ ఫ్లాపీలతో ఆళ్లగడ్డలో దిగారు.

"ఏందీ శ్రీనివాసులూ, ఈ పని?"

"చెత్తనుకుంటి అన్నా."

"కానీలే. ఇది ఎక్కించినాక తుడువు, చూస్తా."

పాత లైబ్రరీ ఎక్కింది. మొదటి చీటీ మీద ఓబులేసు పేరు, తండ్రి పేరుతో సహా, స్పష్టంగా పడింది. పొద్దు వాలేలోగా విత్తనాల బండ్లన్నీ కదిలాయి. ఆ రోజు వారి పట్ల నాకు కలిగిన గౌరవం నేటికీ తగ్గలేదు.

అయితే ఆ విజయం తరువాత వారిని పట్టడం ఎవరి తరమూ కాలేదు. బండి ఆత్మకూరు, కోయిలకుంట్ల సంఘాల ముద్రలు, మూతపడిన సంఘాల ముద్రలు, ఎన్నికల్లో ఓడిన అధ్యక్షుల సంతకాలు సర్వం లోపలికే వెళ్లాయి. అసలు ఫైళ్లను కూడా ఉంచలేదు. "లోపల ఉండాయి గదమ్మా, మళ్లా బయటెందుకు?" అనేవారు. గత నెల కోయిలకుంట్ల ముద్రలో ఒక్క గీత సవరించవలసి వచ్చి, లోపలివి బయటకు తీసే ప్రోగ్రాము ఎక్కడుందని వారినే అడిగాను. తలపట్టుకొని అడిగాను.

వారు ప్రశాంతంగా నవ్వారు. "అది గూడా లోపలే పెట్టినా. ఎవురూ తుడవకుండా."

కావున పరంజ్యోతి గారు సంపూర్ణ ఆయురారోగ్యాలతో, ముఖ్యంగా చెక్కుచెదరని జ్ఞాపకశక్తితో, నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. ఇది మర్యాదకు రాసిన మాట కాదు, మాకు మరో దారి లేదు. వారి సతీమణి జీవమ్మ గారికి ఒక విన్నపం: రేపు ఉదయం మీ ఇంట ఫోను మోగితే, అది నేనే. దయచేసి వారిని నిద్ర లేపండి.

— నిర్మల, సహోద్యోగి