మా ఇంటి జబ్బు

జగదల్‌పూర్‌లో ఒక ఆస్పత్రి. డాక్టరు గదికి ముందున్న చిన్న గదిలో నర్సు ప్రవీణ, కొంటా నుంచి వచ్చిన ఉప్పలమ్మ.

“కదలకమ్మా. బీపీ నూట డెబ్బై. ఇంకోసారి చూస్తాను.”

“ఎన్నిసార్లు చూసినా గంతే సిస్టరమ్మా. మా ఇంటి జబ్బది.”

“ఇంటి జబ్బంటే?”

“మా ఇంట్ల అందరికీ గుండెనే. గోలీలియ్యి, కొంటా బస్సు పోతది.”

“ఉండమ్మా. ఈ పర్చీ కాగితంలో మీ ఖాందాన్, అంటే కుటుంబం గురించి రాయాలి. ఎవరెవరికి వచ్చింది?”

“పెద్దక్కకు. నలభై రెండేండ్లకే. వంటింట్ల కూలబడ్డది, అంతే. నడిపక్కకు రెండుసార్లొచ్చింది. రెండోసారి ఈడిదాకా గూడ రాలే.”

“అయ్యో. మీ అమ్మగారికి?”

“అమ్మకేంది, ఎనభై దాటినయి. ఇంకా ఇప్పపువ్వు ఎండబోస్తది.”

“అమ్మకి లేదు... మరి నాన్నగారి వైపు నుంచా?”

“ఏమో. ఏదో ఒకటి రాస్కో.”

“బయట కూర్చున్నది మీ అబ్బాయేనా?”

“గోపీ. ఒక్కడే. వచ్చే నెల లగ్గం. నా తమ్ముని బిడ్డ పార్వతినే చేస్కుంటున్నం. అప్పటిదాంక నన్ను నిలబెట్టు, చాలు.”

“మేనరికమా! అయితే వినండమ్మా. ఈ జబ్బు మీ రక్తంలోనే ఉంటే మేనరికం మంచిది కాదు. రేపు పుట్టేవాళ్లకి...”

“నా రక్తంల యాడుంది? మా తమ్ముడు గుండులెక్క ఉన్నడు.”

“మరి అక్కలకి వచ్చిందన్నారు?”

“అక్కలంటే నా తోడికోండ్లు. మా అత్తమ్మ గూడ గట్లనే పోయింది.”

“మా ఇల్లు అన్నారు కదా!”

“మా ఇల్లే. పెండ్లయినంక ఆడిదానికి ఇంకో ఇల్లుంటదా?”

“ఆ ఇంట్లో మగవాళ్లకి రాలేదా?”

“మగోళ్లకేంది? మామకు తొంభై. నిన్న గూడ కోడికూర తిన్నడు.”

“ఆడపడుచులకి?”

“ముగ్గురు. బాగనే ఉన్నరు.”

“అంటే కోడళ్లకే వచ్చింది.”

“గోలీలియ్యి సిస్టరమ్మా, బస్సు పోతది.”

“ఉప్పలమ్మగారూ, ఆ ఇంట్లో కోడళ్లని కొట్టేవారా?”

“ఎవరింట్ల కొట్టరు?”

“నేనడిగింది మీ ఇంటి సంగతి.”

“అయిపోయిన ముచ్చట్లెందుకు? మా ఆయన పాము కరిచి పోయి నాలుగేండ్లాయె.”

“ఎప్పటి నుంచి కొట్టేవాడు?”

“పెండ్లయిన తెల్లారి సంది. తలుపు చప్పుడైతే చాలు, దడ. చేతిల గిన్నె జారి పడేది. గిన్నె పడేసిందని మళ్ల కొట్టేటోడు.”

“అన్నేళ్లు ఆ దడతో బతికితే బీపీ పెరుగుతుందమ్మా. గుండె నరాలు పాడవుతాయి. అదొక్కటే కారణమని అనను. అదీ ఒకటి.”

“ఒంటి మీద కొడితే గుండెకెట్ల పోతది?”

“భయమే తీసుకుపోతుంది.”

“అయితే మా అక్కలు... ఇంటికేదో శాపం తగిలిందనుకున్నం సిస్టరమ్మా. అమ్మవారికి మేకల్ని కోస్తిమి.”

“ఆయన పోయాక దడ తగ్గిందా?”

“తగ్గింది. కొద్దిగ.”

“కొద్దిగా అంటే?”

“గోపీ బండి చప్పుడు ఇనబడితే...”

“గోపీ కూడానా?”

“మెల్లగ! బయటనే ఉన్నడు. మంచోడే. కోపమొక్కటే.”

“మీ మీద చెయ్యి చేసుకుంటాడా?”

“ఏ మందు రాస్తరో రాయుండ్రి, నన్ను పోనీ.”

“మీకు డాక్టరుగారు రాస్తారు. వచ్చే నెల మీ ఇంటికొచ్చే పిల్లకి ఏం రాయమంటారు?”

“దానికి పందొమ్మిది. రోజూ ఫోన్ల అత్తా అత్తా అని పానం దీస్తది...”

“చెప్పండమ్మా.”

“పెండ్లయితే మారుతడనుకున్న. మా అత్తమ్మ గూడ మా ఆయన గురించి గట్లనే అనుకున్నదట.”

“మీ దగ్గర ఫోనుందా?”

“గోపీ కాడున్నది. నీదియ్యి. నంబరు నోటికొచ్చు. గా తలుపు దగ్గరికెయ్యి.”

“ఇదిగో. రింగవుతోంది.”

“తమ్ముడా, నేను, అక్కను. నడుమ మాట్లాడకు, ఇను. పిల్లను మాకియ్యకు... ఆఁ, కార్డులు పంచితే పంచినవు... కాదురా, నాకేం గాలే. మీ బావ పోయిండు గానీ, ఆ చెయ్యి పోలే.”