పొగమంచులో పడిన గోల్

క్లెమ్ టాటర్సాల్ మా మైదానానికి వచ్చేది ఆట చూడ్డానికని నేనెప్పుడూ అనుకోలేదు. నా టీ బడ్డీ ముందు నిలబడి కోతలు కోయడానికే వస్తాడు. ఒకప్పుడు ఈ బడ్డీలో మా అమ్మ టీ కాచింది, ఇప్పుడు నేను కాస్తున్నాను. మేమిద్దరం కాచిన టీ కంటే అతను కోసిన కోతలే ఎక్కువ. నాకదంతా అలవాటే. కానీ ఆ శనివారం మాత్రం అతను గేటు దాటి వస్తుంటే గుబులేసింది, ఎందుకంటే మూల బెంచీ మీద మఫ్లర్ ముక్కుదాకా చుట్టుకుని ఎల్లిస్ గ్రిమ్‌షా కూర్చున్నాడు.

ఎల్లిస్ ఒకప్పుడు మా బ్రాక్‌డేల్ జట్టు గోల్‌కీపరు. ఒక సీజన్లో సొంత మైదానంలో వరసగా ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ఆడుకుంటూ వచ్చాడు. యుద్ధానికి ముందునాటి క్లబ్బు రికార్డు దాటడానికి ఇంకొక్క ఆటే మిగిలింది. ఆ రోజు స్కెల్‌బీ వాళ్లతో ఆట. పొగమంచు కమ్మేసింది. రెండో సగంలో మావాళ్లు ఒక గోల్ కొట్టారు, ఆ తర్వాత ఎక్కడి నుంచో ఒక బంతి వచ్చి ఎల్లిస్‌ని దాటి వలలో పడింది. ఎవరు కొట్టారో రెఫరీకి తెలియలేదు, స్కెల్‌బీ వాళ్లకీ తెలియలేదు. క్లబ్బు రికార్డుల్లో ఆ గోల్ పక్కన ఇప్పటికీ “ఎవరో తెలియదు” అనే ఉంది. ఊరు మాత్రం తేల్చేసింది, ఎల్లిస్ చేతుల్లోంచే జారిందని. జారుచేతులోడని పేరు పెట్టారు. వేయించిన చేప కొనుక్కోవడానికి వెళ్తే, పొట్లం గట్టిగా పట్టుకో బాబూ అన్నారు. కొన్నాళ్లు ఓర్చుకుని సముద్రం ఒడ్డున వేరే ఊరికి వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ ఇవాళే రావడం. ఆటకి ముందు సబ్బు ఫ్యాక్టరీ వైపు స్టాండులో క్లబ్బు రికార్డుల బోర్డు ఆవిష్కరిస్తున్నారు, పాత ఆటగాళ్లందర్నీ పిలిచారు. బోర్డు మీద తన పేరుండదని అతనికి తెలుసు.

“రికార్డు పోతే పోయింది మేవిస్,” అన్నాడు నాతో, టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని. “ఆ బంతి తిన్నగా నా చేతుల్లోకే వస్తోంది. మధ్యలో దారి మార్చుకుంది. గాలా, రాయా, నేనే జార్చానా, ఇన్నేళ్లయినా తెలియట్లేదు.”

అప్పుడే క్లెమ్ వచ్చాడు, వెంట గేటు దగ్గర టికెట్లు చూసే పెర్సీ. మూల బెంచీ వైపు క్లెమ్ చూడనే లేదు.

“ఒరే పెర్సీ, ఆ బోర్డు రాయించినవాడు ఎవడ్రా? ఇంత పాత క్లబ్బు, మన తాతల తాతలు పెట్టిన క్లబ్బు, దాని రికార్డుల్లో సగం నావే, నా పేరు ఒక్కచోట లేదు.”

“నువ్వెప్పుడు ఆడావు?”

“ఆడితేనే రికార్డా? మేవిస్ తల్లీ, ఒక మీట్‌పై ఇవ్వు, గ్రేవీ కాస్త ఎక్కువ పొయ్యి. ఒరే, అతిపెద్ద గెలుపు తొమ్మిది సున్నా అని రాశారు కదా, ఆ రోజు అవతలి గోల్‌కీపర్ వెనక నిలబడి దగ్గిందెవరు? నేను. ప్రతి గోల్‌కీ ఒక దగ్గు. పదోసారి దగ్గు రాలేదు, పదో గోల్ కూడా రాలేదు. అత్యధిక జనం వచ్చిన ఆట అని ఇంకో అంకె రాశారు, అది కూడా తప్పే, అప్పుడు నేను మా అన్న భుజాల మీద కూర్చున్నాను, ఇద్దర్నీ కలిపి ఒక పొడుగు మనిషని రాసేసుకున్నారు. సరే, అవన్నీ పోనీ. పొగమంచు ఆటలో మన గోల్ సంగతేంటి? సెంటర్ ఫార్వర్డ్ పేరు మీద రాశారు. పాపం తను కొట్టాడో లేదో అతనికే తెలియదు. కొట్టింది నేను.”

మూల బెంచీ మీద కప్పు కిందపెట్టిన చప్పుడైంది. నేను క్లెమ్‌కి కనుసైగ చేశాను. అతను ఇంకో గరిటె గ్రేవీ పోస్తానన్నానేమో అనుకుని ప్లేటు ముందుకు జరిపాడు.

“నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు. బంతి వచ్చింది, తల అడ్డం పెట్టాను, గోల్ అయింది. చిన్న విషయం.”

“అంతేనా? అయితే తినేసి పద,” అన్నాడు పెర్సీ.

“అంతే అంటే అంతేనా మరి? నువ్వు పదేళ్ల కిందట పెళ్లి చేసుకుని ఈ ఊరొచ్చావు, ఆ పొగమంచు నీకేం తెలుసు. చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు, అది ఎక్కడైనా ఉండేదే, చెయ్యి వెనక్కి తీసుకుంటే వేరేవాడి చెయ్యి వచ్చింది. మా అమ్మ గుమ్మంలో నిలబడి జాగ్రత్తగా వెళ్లిరా నాయనా అని పక్కింటాయనకి చెప్పింది, ఆయన కూడా సరేనమ్మా అని ఆటకొచ్చేశాడు. అయినా జనం నలభై వేలు.”

“ఆ ఆటకి మూడొందల మందే వచ్చారని ఉంది కదా.”

“లెక్కపెట్టినవాడికి మూడొందల మందే కనబడ్డారు. పొగమంచురా. మొదటి సగం రైలుగట్టు వైపు నిలబడ్డాను. అప్పట్లో మనవాళ్లు మొదటి సగం రైలు వైపు గోల్ మీదకి కొట్టేవాళ్లు, రెండో సగం సబ్బు ఫ్యాక్టరీ వైపు. ఆటగాళ్లు వైపు మారితే జనమూ మారాలి, మనవాళ్లు గోల్ ఎక్కడ కొడతారో మనం దాని వెనకే నిలబడాలి, అదీ ఇక్కడి పద్ధతి. ఇప్పుడంటే కుర్చీలేసి కూర్చోబెట్టేశారు. సరే, విరామం అయింది, అందరూ మైదానం చుట్టూ నడిచి సబ్బు వైపు బయల్దేరారు, నేనూ బయల్దేరాను, దారి మధ్యలో ఈ బడ్డీ. మేవిస్ వాళ్లమ్మ మీట్‌పై ఇచ్చింది, తిన్నాను. రుచిగా ఉంది, ఇంకోటి తిన్నాను. చూస్తే ముందు జనం లేరు, వెనక జనం లేరు. పర్లేదు, నా కాళ్లకి దారి తెలుసని నడిచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“తప్పిపోయావు.”

“నేనా? ఈ మైదానంలోనా? తిన్నగా వెళ్లి గోల్ వెనక నిలబడ్డాను. నలభై వేల మంది జనం, అయినా ఒక్కడంటే ఒక్కడు నా మోచేతికి తగల్లేదు. క్లెమ్ వచ్చాడు, చోటివ్వండ్రా అని తప్పుకున్నారు. ఆ రోజుల్లో మర్యాద అలా ఉండేది.”

ఆ మోచెయ్యి సంగతి నేను ప్రతివారం విన్నదే. ఎప్పుడు చెప్పినా మోచెయ్యి పైకెత్తి చూపిస్తాడు. అప్పుడూ చూపించాడు.

“ఏమీ కనబడట్లేదు. చూద్దామని మైదానం చుట్టూ ఉన్న పిట్టగోడ దాటాను. ఇంకాస్త చూద్దామని గీత దాటాను. ఎదురుగా పచ్చ జెర్సీలో స్కెల్‌బీ గోల్‌కీపరు, వాడి చేతులే పారల్లా ఉన్నాయి, ఏడడుగుల మనిషి. ఇంతలో బంతి. ఎప్పుడో ఎవడో తన్నిన బంతి, పైకెళ్లి దారి తెలియక పొగమంచులో తిరిగి తిరిగి, ఒళ్లంతా మంచు పేరుకుని గుమ్మడికాయంతై దిగుతోంది. తిన్నగా వాడి చేతుల్లోకే పోతోంది. నేను ఎగిరాను.”

“ఎంత ఎత్తు?”

“కిందికి చూస్తే నేల కనబడలేదు.”

“నిలబడ్డప్పుడూ కనబడలేదన్నావుగా.”

“మాటకి అడ్డం రాకు. నుదుటి మీద, ఇదిగో ఇక్కడ, ఠంగున తగిలింది. బంతి దారి మార్చుకుని వెళ్లి వలలో పడింది. వల చిరిగింది. వల వెనక చెక్క బోర్డు విరిగింది. మర్నాడు ఆ బంతి పక్కూరి చర్చిలో దొరికింది.”

“బయటి మనిషికి తగిలితే ఆ గోల్ చెల్లదు కదా.”

“చెల్లదనడానికి రెఫరీ చూడాలిగా. ఆయన అప్పటికే దారితప్పి గేటు దాటేసి, పక్క పార్కులో ఎవరో ఆడుకుంటుంటే వాళ్ల ఆట ఆపేసి వాళ్ల మీద ఈల ఊదుతున్నాడు. గోల్ అయిందని నలభై వేల మందిలో ఒక్కడికీ తెలియదు. తెలిసింది ఒకే ఒక్కడికి. ఎవరికో చెప్పు?”

ఎప్పుడూ ఇక్కడ “దేవుడికి” అని ముగిస్తాడు. కానీ పెర్సీ అప్పటికే ఖాళీ కప్పు కౌంటరు మీద పెట్టి టోపీ సర్దుకుంటున్నాడు. వినేవాడు లేచిపోతుంటే క్లెమ్‌కి ప్రాణం పోయినట్టుంటుంది.

“రైలు డ్రైవరుకి,” అన్నాడు.

పెర్సీ ఆగాడు.

“గట్టు మీద గూడ్సుబండి పోతోంది. డ్రైవరు ఎత్తులో ఉంటాడు కదా, పొగమంచు మీద నుంచి అంతా చూశాడు. నా తల చూశాడు, బంతి చూశాడు, బండి ఆపేశాడు. ఆపి కూతేశాడు చూడు, సన్నగా మొదలై బొంగురుపోయే కూత, నా వీపు మీదే ఊదినట్టు వీపంతా అదిరింది. ఆ బండి ఆగితే వెనక బండి ఆగింది, దాని వెనకది ఆగింది, ఇక్కడి నుంచి లండన్ దాకా బళ్లన్నీ వరసగా ఆగిపోయి అన్నీ కూతేశాయి. లండన్‌లో ఒక పెద్దాయన టీ తాగుతూ, బ్రాక్‌డేల్‌లో ఎవడో గోల్ కొట్టినట్టున్నాడే అన్నాడట.”

పెర్సీ పగలబడి నవ్వి మళ్లీ కూర్చున్నాడు. క్లెమ్ ముఖం వెలిగిపోయింది.

“ఆ రైలు ఎటుంది?” అన్నాడు మూల బెంచీ మీద మనిషి.

“గట్టు మీద, పెద్దాయనా.”

“నీకు ఎటుంది?”

“నా వెనకే. వీపు అదిరిందంటున్నాగా.”

ఎల్లిస్ లేచి కౌంటరు దగ్గరికొచ్చాడు. ఉప్పు సీసా ఒక చివర పెట్టాడు, సాస్ సీసా ఇంకో చివర పెట్టాడు, మధ్యలో తన కప్పు పెట్టాడు.

“ఉప్పు రైలుగట్టు. సాస్ సబ్బు ఫ్యాక్టరీ. కప్పు ఈ బడ్డీ. రెండో సగంలో మనవాళ్లు ఎటు కొడుతున్నారు?”

“సబ్బు వైపు.”

“మరి నువ్వెక్కడున్నావు?”

“సబ్బు వైపే.”

“సబ్బు ఫ్యాక్టరీ వెనక రైలెక్కడిది?”

క్లెమ్ చేతిలో మీట్‌పై నోటి దగ్గర ఆగిపోయింది.

“ఆగండాగండి. నేను కప్పు దగ్గర తిన్నాను. తిని ఇటు తిరిగాను. కాదు, తినేటప్పుడు కౌంటరు వైపు ఉన్నాను కదా, అంటే అటు తిరిగాను.” సాస్ సీసా ఎత్తి ఉప్పు పక్కన పెట్టాడు, మళ్లీ తీశాడు. “పొగమంచులో కూత మైదానం చుట్టూ తిరిగి వెనక నుంచి వస్తుంది.”

“ఇంతకీ ఉప్పు నువ్వా, రైలా?” అన్నాడు పెర్సీ.

“ఉప్పు రైలు. నేను కప్పు.”

“కప్పు మేవిస్ కదా?”

ఇన్నేళ్లుగా నేను నిలబడుతున్న బడ్డీ ఎటు తిరిగి ఉందో ఒక్క నిమిషం నాకే తెలియలేదు. ఎల్లిస్ ఒక్కడే తడబడలేదు. కప్పు పక్కనున్న చెంచా తీసి, వచ్చిన దారినే వెనక్కి జరిపి, ఉప్పు సీసాకి ఆనించాడు.

“ఈ చెంచా నువ్వు. తిని వెనక్కే తిరిగావు. జనమంతా సాస్ దగ్గరున్నారు. నీ మోచేతికి ఎవడూ తగలకపోవడం మర్యాద కాదు, అక్కడ నువ్వు తప్ప ఎవడూ లేడు. ఉప్పు వైపు గోల్ కాస్తున్నది స్కెల్‌బీ వాడు కాదు.” మఫ్లర్ కిందికి లాగాడు. “ఏడడుగులు కూడా లేడు.”

క్లెమ్ అతని ముఖం చూశాడు. నోట్లో ముద్ద మింగడం మర్చిపోయాడు.

“ఎల్లిస్,” అన్నాడు. “నేనసలు ఆ రోజు ఆటకే రాలేదు. జ్వరం. మా అమ్మ మంచం దిగనివ్వలేదు.”

“గుమ్మంలో నిలబడి పక్కింటాయనకి జాగ్రత్తలు చెప్పింది ఎవరమ్మరా మరి?” అన్నాడు పెర్సీ.

“అవన్నీ కోతలురా. మీకందరికీ తెలుసుగా కోతలని. మేవిస్, నువ్వు చెప్పు.”

నేను గుడ్డ తీసుకుని కౌంటరు తుడవడం మొదలుపెట్టాను.

ఎల్లిస్ కోప్పడతాడని నాకు భయంగా ఉంది. అతను కోప్పడలేదు. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటిని దాచుకోలేదు కూడా.

“దారి మార్చుకుంది,” అన్నాడు. “నువ్వే అన్నావు, చేతుల్లోకి పోతున్న బంతి దారి మార్చుకుందని. అది నేనెవరికీ చెప్పలేదు, ఇందాక మేవిస్‌కి తప్ప. చూడు క్లెమ్, ఇన్నేళ్లూ నువ్వు చెప్తే ఒక్కడూ నమ్మలేదట. ఇవాళ నేను నమ్ముతున్నాను. ఇవాళే అబద్ధం అనకు.”

లౌడ్‌స్పీకర్లో పాత ఆటగాళ్లందరూ సబ్బు వైపు స్టాండు దగ్గరికి రావాలని పిలిచారు. ఎల్లిస్ క్లెమ్ భుజం తట్టి వెళ్లిపోయాడు. మఫ్లర్ కౌంటరు మీదే ఉండిపోయింది. పెర్సీ గేటు దగ్గరికి పరిగెత్తాడు, ఇంకాసేపట్లో ఈ సంగతి ఊరంతా తిరుగుతుంది.

క్లెమ్ ఉప్పు సీసా చేతిలోకి తీసుకున్నాడు.

“మేవిస్, నువ్వు ప్రతివారం వింటావు కదా. ఆ రైలు సంగతి ఇంతకుముందు ఎప్పుడైనా చెప్పానా?”

చెప్పలేదు. ఒక్కసారి కూడా చెప్పలేదు.

“పెర్సీ లేచిపోతున్నాడని అప్పటికప్పుడు కల్పించాను,” అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే ఊపు లేదు. “కానీ కల్పిస్తుంటే చెవిలో నిజంగా కూత వినబడింది తల్లీ. వీపు నిజంగా అదిరింది. అది ఇప్పుడు కల్పించానా, అప్పుడు విన్నానా?”

ఏది నిజమో నాకూ తెలియదు. మఫ్లర్ మడతపెట్టి అతని చేతిలో పెట్టాను.

“విన్నావు. ఇది తీసుకెళ్లి అతనికిచ్చి, పక్కన నిలబడు.”

క్లెమ్ తలూపాడు. మఫ్లర్ పట్టుకుని బడ్డీ బయటికి వెళ్లి, ఒక్క క్షణం ఆగి, ఒక పక్కకి తిరిగి నడవడం మొదలుపెట్టాడు.

“అటు కాదు క్లెమ్,” అన్నాను. “సబ్బు వైపు.”