మగ్గం గుంటలో ఆడమనిషి

రైలు పెనుకొండ దాటింది. నవల రాసినామె, దాన్ని పత్రికలో సమీక్షించిన పెద్దాయన ఎదురెదురుగా కూర్చోనుండారు.

"మా అవ్వల కాలంలో ధర్మవరం ఆడోళ్లు చీరలు నేసినారని రాస్తే, అదంతా నా కల్పన అన్నారే సార్?"

"కల్పన కాకుంటే ఏందమ్మా? ఆడోళ్లు కండెలు చుట్టేటోళ్లు, మగోళ్లు నేసేటోళ్లు. పాత ఫొటోల్లో చూడు, నేసేటోళ్లు కూర్చునే మగ్గం గుంటలో ఒక్క ఆడమనిషన్నా ఉండాదా?"

"యాడుంటాది సార్? వాకిట్లో కొత్త మనిషి గొంతు వినపడితే చాలు, మా అవ్వ గుంటలోంచి లేచొచ్చి రాట్నం ముందు కూర్చుంటాండె. మా తాత పోయి గుంటలో దిగుతాండె. పెండ్లాంతో నేయిస్తాండాడంటే మగోనికి తలవంపులంట."

"అది మీ ఇంటి మాట. చరిత్రకు ఆధారం కావల్ల. రెండో ముద్రణలో ఆ అధ్యాయం తీసేయ్, నేనే మంచి సమీక్ష రాస్తా."

"తీయను. మీదీ ధర్మవరమే కదా సార్. మీ నాయన చీరలు అమ్మేదానికి బెంగుళూరు పోయినప్పుడు మీ ఇంట్లో మగ్గం ఆగిపోతాండెనా?"

ఆయన కిటికీ వైపు తిరిగినాడు.

"లేదు. ఆగేది కాదు."

"మరి ఎవరు నేస్తాండ్రి?"

"మా అమ్మ."

"అయితే ఇంకోసారి రాయండి సార్, మీ అమ్మ కూడా నా కల్పనేనని."