మేరీ అని నోరు రాక

"అమ్మమ్మా, పక్కింటి మేరీని ఎప్పుడూ మిస్సెస్ అనే పిలుస్తావు కదా. పొద్దున్న ఆంబులెన్స్ వచ్చినప్పుడు మాత్రం వీధంతా వినపడేలా మేరీ అని అరిచావు. వై?"

ఇలా రా, కూకో, సెప్తాను. ఇయాల నా కాలు నేల మీద నిలవట్లేదే గుంటా. ఇప్పుడే ఆస్పత్రి నుంచి ఫోన్ సేసినాది. ఎలాగున్నావంటే గ్రాండ్ అన్నాది, ఇక్కడోళ్ళకి బాగున్నానంటే అదే మాట. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఎట్టుకుని గ్రాండేటి దానికి.

నీకు తెలుసు గదా, నాను పుట్టింది దక్షిణాఫ్రికాలో, డర్బన్. మా నాన్న తాత సెరుకు తోటల్లో కూలికి... కాదు కాదు, అమ్మ వేపు తాత, శ్రీకాకుళం నుంచి ఓడెక్కినోడు. మా వీధిలో అరవోళ్ళు, గుజరాతీ కొట్టాయన, జులూ వోళ్ళు, అందరం ఒక్క కుళాయి కాడే నీళ్ళు పట్టుకునేవోళ్ళం. మా అమ్మ అప్పలనరసమ్మ బుట్ట నెత్తినెట్టుకుని తెల్లోళ్ళ ఇళ్ళకెల్లి కూరలమ్మేది. కూరలమ్మే మన ఆడవోళ్ళందరినీ అక్కడ మేరీ అనే పిలిసేవోరు. మగోళ్ళందరూ సామీలు. పేరడిగే పనే లేదు వోళ్ళకి.

మరేటయింది, పెద్ద యుద్ధం అయిపోయాక ఓడల నిండా కొత్త తెల్లోళ్ళు దిగినారు. బాంబులకి ఇల్లూ వాకిలీ పోయినోళ్ళు, పాపం. అందులో ఒకావిడ మా అమ్మని పేరడిగినాది. "అప్పల... అప్పల..." అని నోరు తిరక్క నవ్వినాది గాని వదల్లేదు. ఆ రోజు మా అమ్మ అన్నం తినడం కూడా మానేసి అదే ముచ్చట. నెల తిరిగిందో లేదో, ఆవిడా మేరీ అనేసినాది. పక్కిళ్ళోళ్ళు నేర్పేసినారు. మనలాగే ఓడ దిగిన మనిషి, నెలకే దొరసానైపోనాది. తలుసుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతాది నాకు.

తరవాత సర్కారోళ్ళు ఏ రంగోళ్ళకి ఆ పేట అని గీత గీసేసినారు. మా వీధి తెల్లోళ్ళకిచ్చేసినారు. మనల్ని ఒక దిక్కుకి, జులూ వోళ్ళని ఇంకో దిక్కుకి తోలేసినారు. నా నేస్తం తాండి ఎటెల్లిందో... ఏటి సెప్తన్నాను? ఆ, మేరీ.

మీ అమ్మకి ఈ తెల్లోళ్ళ దేశంలో, ఈ వాటర్‌ఫోర్డ్‌లో నర్సుద్యోగం వొచ్చి నన్ను తెచ్చుకుందా, మొదటి రోజే గోడవతల నుంచి ఈవిడ, "కాల్ మీ మేరీ" అన్నాది. నాను గతుక్కుమన్నాను. ఎక్కిరిస్తందేమో అనుకున్నాను. ఇక్కడ అది సొంత పేరే, సర్చిలో మేరీ అంటే సగం మంది ఎనక్కి తిరిగి సూత్తారు అని మీ అమ్మ సెప్పినాది. తెలిసింది గాని నోరు రాలేదు. నా నోట్లో అది తిట్టే. లాక్‌డౌన్ పొడుగునా గోడ మీద సోడా బ్రెడ్ ఎట్టిన మనిషిని, నా ఉప్మా తిని గిన్నె కడిగిచ్చిన మనిషిని ఎలా తిడతాను? ఆవిడేమో, తనంటే నాకు గిట్టదని మీ అమ్మ కాడ బాధపడినాదంట.

పొద్దున్న స్ట్రెచర్ మీద కళ్ళు మూసుకునుంది. కోవిడ్ గదా, తోడెవర్నీ ఎక్కనివ్వలేదు, నన్ను గేటు దాటొద్దన్నారు. మిస్సెస్ అన్నాను. మళ్ళీ అన్నాను. పలకదు. తలుపులు మూసేత్తన్నారు. ఈ మనిషి మళ్ళీ వొస్తాదో రాదో, నా పిలుపు ఇనకుండానే ఎల్లిపోతాదేమోనని అరిసేసినాను. కళ్ళు తెరిసినాది గుంటా, నా వేపే సూసినాది.

ఇప్పుడు ఫోన్లో ఏటన్నాదో తెలుసా? "మరి నీ పేరేటి?" అన్నాది. ఇన్నాళ్ళూ నాను సెప్పనేదు, ఆవిడా నన్ను మిస్సెస్ అనే అనేది. సింహాచలం అన్నాను. సిమ్మా, సిమ్మా అంటా దగ్గుతా ఎన్నిసార్లు తప్పు పలికినాదో. మాటలాపి పడుకోమని నర్సు ఫోన్ తీసుకోబోతే, "ఆగు, ఇంకా రాలేదు నాకు" అన్నాది.

సల్లగుండు తల్లీ. నువ్వెక్కడికెల్లినా, నీ పేరు వొచ్చేదాకా వదలని మనుషులు దొరకాల నీకు. ఆ ఫోను ఇలా నా దగ్గరెట్టు, మళ్ళీ సేత్తానన్నాది...